సబ్రియా నానమ్మ డెబ్భై ఒకటో ఉపవాసం

యూదుల యోం కిప్పూర్ పండుగ ఉపవాసం ముగియాలంటే ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడాలి. ఆ మూడూ ప్రతి ఏడూ ముందు సబ్రియా నానమ్మ ముఖం చూసి, ఆవిడ సరేనని తల ఊపాకే బయటికి వస్తాయి. జెరూసలేంలో రబ్బీలకు, అంటే మతగురువులకు, కొదవ లేదు, వాళ్ళంతా ఆకలిని ఓర్చుకుంటారు. నానమ్మ విషయంలో ఓర్చుకునేది ఆకలే. పాపం, ఇరవై అయిదు గంటలు ఆవిడ దగ్గర గడిపి, సాయంత్రానికి తనే నీరసించి పోతుంది.

ఇది నానమ్మ తనంతట తాను చెప్పుకున్న గొప్ప కాదు. ఆవిడ వినయం గల మనిషి. ఇలాంటివి ఇతరుల చేత చెప్పిస్తుంది.

సంత వెనక సందుల్లో, నాలుగు ఇళ్ళకు ఒకే వాకిలి ఉన్న పాత రాతి మేడలో, రెండో అంతస్తులో ఉంటుంది నానమ్మ. ముప్ఫై ఏళ్ళు సంతలో ఆలివ్‌లూ ఉప్పు నీటిలో నానేసిన ముల్లంగీ అమ్మింది. గొంతు అక్కడ తయారైందే. పక్క బజారులో చేపలు బేరమాడేవాళ్ళు కూడా నానమ్మ ధర విని ఉలిక్కిపడేవారు. తొమ్మిదో ఏట, కుర్దుల కొండల్లో వాళ్ళ ఊళ్ళో ఉండగానే, మొదటిసారి రోజంతా ఉపవాసం ఉంది. పిల్లలకు అక్కర్లేదని వాళ్ళమ్మ ఎంత చెప్పినా వినలేదట. మరుసటి ఏడు ఈ దేశానికి వచ్చి గుడారంలో ఉపవాసం ఉంది. కామెర్లు వచ్చిన ఏడు పచ్చటి కళ్ళతో ఉంది. రెండో కొడుకును కన్న నాలుగో రోజున, బాలింతకు మినహాయింపు మూడు రోజులే, అవి దాటిపోయాయి కదా అని ఉంది. పిత్తాశయంలో రాళ్ళతో ఒకసారి ఉంది, రాళ్ళు తీయించుకున్నాక ఆ ఖాళీతో ఇంకోసారి ఉంది. మొత్తం డెబ్భై. ఒక్కటి తప్పలేదు. పెళ్ళి తేదీ అడిగితే కాసేపు ఆలోచిస్తుంది గానీ ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఈ లెక్క అంత పైకి పెరగడానికి దేవుడి మీద భక్తి ఒక కారణం. ఎదురు బాల్కనీలో ఉండే ఫర్హా ఇంకో కారణం. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఏడు వచ్చారు, ఒకే వాకిలికి ఎదురెదురుగా కాపురం పెట్టారు. మధ్యలో బట్టలారేసుకునే తాళ్ళు రెండు. ఫర్హా ఉపవాసాలు అరవై ఎనిమిది, ఎందుకంటే ఆవిడ పదకొండో ఏట మొదలుపెట్టింది. తక్కువైన ఆ రెండూ ఎలా కలుపుకోవాలా అని ఫర్హా డెబ్భై ఏళ్ళుగా చూస్తోంది. కలవనివ్వకుండా ఉండడానికే నానమ్మ ఆరోగ్యంగా ఉంది.

మార్చిలో ఈ మాయదారి జబ్బు ఊళ్ళోకి వచ్చినప్పుడు, వాళ్ళ ప్రార్థన మందిరం రబ్బీ, అందరూ హాఖామ్ అని పిలిచే అజర్యాగారు జనం కోసం ఒక పూట ఉపవాసం ఉండమన్నారు. అసలే ముసలివాళ్ళు, మధ్యాహ్నం దాకా చాలన్నారు. సగం ఉపవాసం సగం స్నానం లాంటిదని నానమ్మ సాయంత్రం దాకా లాగించింది. ఎదురుగా ఫర్హా వంటింట్లో దీపం ఎప్పుడు వెలుగుతుందో చూసి, వెలిగిన అరగంటకు గానీ తను రొట్టె తుంచలేదు. జబ్బు దానివల్ల తగ్గిందో లేదో ఎవరూ చూడలేదు. గెలుపెవరిదో మాత్రం వాకిలి మొత్తం చూసింది.

సెప్టెంబరులో జబ్బు నేరుగా నానమ్మ ఇంటికే వచ్చింది. యోం కిప్పూర్ పండుగ ఆదివారం సాయంత్రం మొదలవుతుందనగా, గురువారం జ్వరం, శుక్రవారం పరీక్ష, శనివారం రాత్రికి ఫలితం. ఇంట్లో ఉన్న మనవరాలు హోదాయాకు కూడా వచ్చింది గానీ దానికి తుమ్ము కూడా లేదు. ఈ హోదాయాను బడి పదో తరగతిలోనే వదిలించుకుంది. ఇది రాసేది ఆ హోదాయానే, కాబట్టి తప్పులు కనబడితే బడిని అనండి. బయటికి వెళ్ళకూడదని ఇద్దరినీ ఇంట్లో పెట్టి తలుపేశారు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషికి పందొమ్మిదేళ్ళ పిల్ల కాపలా అని అందరూ అనుకున్నారు. నానమ్మ దాన్ని తిరగేసి చెప్పుకుంది.

అసలు సంగతి ఊపిరితిత్తులు కాదు, మూత్రపిండాలు. రెండింటిలో ఒకటి ఎప్పుడో చేతులెత్తేసింది. రెండోది ఇన్నాళ్ళూ ఇద్దరి చాకిరీ చేస్తోంది. ఆదివారం పొద్దున డాక్టరు లరీసా ఫోన్ చేసి మొహమాటం లేకుండా చెప్పింది. జ్వరంలో రేపు రోజంతా నీళ్ళు పోకపోతే ఆ ఉన్న ఒక్కటీ పోతుంది. అది పోతే అంబులెన్స్, ఆసుపత్రి, రక్తం కడిగే యంత్రం. ఆ వార్డులోకి కొడుకులనూ రానివ్వరు, మనవరాలినీ రానివ్వరు. వెళ్ళినవాళ్ళలో ఎంతమంది తిరిగి వస్తున్నారో టీవీలో చూస్తూనే ఉన్నావు కదా అంది.

నానమ్మ ఓపిగ్గా విని, ఉపవాసం సంగతి డాక్టర్లకు ఏం తెలుసని అడిగింది. మా రబ్బీని అడుగుతానంది. అడగమంది లరీసా. ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా వైద్యం చేస్తోంది మరి. ఆదివారం పొద్దున్నే తనే హాఖామ్‌గారికి ఫోన్ చేసి ముందే చెప్పి ఉంచింది.

హాఖామ్ అజర్యాగారు ఆ మధ్యాహ్నం ఫోన్లో నానమ్మకు తీర్పు చెప్పారు. తాగాలి. అయితే ఒక్కసారిగా గటగటా కాదు, కొలతతో. చెంప నిండేంత నీళ్ళకు తక్కువగా ఒక గుక్క తాగి, తొమ్మిది నిమిషాలు ఆగి, మళ్ళీ ఒక గుక్క. అలా తాగితే పూర్తిగా తాగినట్టు కాదు. రాత్రంతా పడుకో, తెల్లవారాక మొదలుపెట్టు అన్నారు. ఎవరి చెంప వాళ్ళ కొలత. పండుగ మొదలయ్యేలోపు నోట్లో నీళ్ళు పోసుకుని, బుగ్గ పొంగించి, గ్లాసులో ఉమ్మి, ఎంత వచ్చిందో చూసి, దానికి కాస్త కింద గీత గీసుకోమన్నారు.

నానమ్మ వాదించింది. రోగి మాటకు వంద మంది డాక్టర్ల మాట కన్నా బరువెక్కువని మన పెద్దలే చెప్పారు కదా, నాకు అక్కర్లేదని రోగిని నేనే చెబుతున్నాను కదా అంది. హాఖామ్‌గారు నవ్వి, అది ఒక వైపుకే పనిచేస్తుందన్నారు. వంద మంది డాక్టర్లు వద్దన్నా రోగి ఆకలన్నాడంటే పెట్టాలి. డాక్టరు తాగాలంటే మాత్రం రోగి అక్కర్లేదన్నా పోయాల్సిందే. ఇంత బాగా చదువుకున్న మతంలో ఇంత ముఖ్యమైన దారికి ఒక వైపే తలుపు పెట్టారని తెలిసి నానమ్మ మనసు విరిగిపోయింది.

సాయంత్రం అయిదింటికి కొలత తీశారు. మందు సీసా మీద ఉండే చిన్న గీతల గ్లాసు తెచ్చింది హోదాయా. నానమ్మ నోట్లో నీళ్ళు పోసుకుని, బుగ్గ పొంగించమంటే, కొత్త పెళ్ళికూతురు ఫోటోకు నిలబడ్డట్టు పెదాలు బిగించి, చుక్కలు చుక్కలుగా గ్లాసులోకి వదిలింది. పన్నెండు గీతలు. హోదాయా గ్లాసు ఎత్తి చూసి, నానమ్మ ముఖం చూసింది.

"నానమ్మా, పిచ్చుకకు ఇంతకన్నా పెద్ద నోరుంటుంది."

"నా చెంప నా ఇష్టం."

ఇష్టాల సంగతి తేల్చడానికి మళ్ళీ హాఖామ్‌గారికే ఫోన్. ఎంత వచ్చిందని ఆయన అడిగితే నానమ్మ వినయంగా పన్నెండు అని చెప్పింది.

"అమ్మా సబ్రియా, ముప్ఫై ఏళ్ళు సంతలో నీ నోరు విన్నవాణ్ణి నేను. పన్నెండు కాదు. మళ్ళీ పొంగించు."

మళ్ళీ పొంగిస్తే ముప్ఫై ఎనిమిది వచ్చింది. హోదాయా నెయిల్ పాలిష్‌తో ముప్ఫై అయిదు దగ్గర ఎర్ర గీత గీసింది. ఆ తర్వాత నానమ్మ తెల్ల గౌను వేసుకుని, కోడి పులుసుతో అన్నం తిని, ఆ రోజు తోలు చెప్పులు తొడగకూడదు కాబట్టి ప్లాస్టిక్ చెప్పుల్లోకి కాళ్ళు దూర్చి, దీపం వెలిగించింది. పండుగ వచ్చేసింది. పండుగ పూట ముట్టుకోకూడదు కాబట్టి ఫోన్లు మూగబోయాయి. ఇక ఇంట్లో వైద్యులెవరూ లేరు, రబ్బీలెవరూ లేరు. నానమ్మా, ఎర్ర గీతా, బడి వదిలించుకున్న పిల్లా మిగిలారు.

ఆ ఏడు ప్రార్థనలు మందిరంలో లేవు. లోపల గుమిగూడితే జబ్బు అంటుతుందని వాకిట్లోనే, సుద్దముక్కతో చుక్కలు పెట్టి, చుక్కకో ప్లాస్టిక్ కుర్చీ వేసి, మూతులకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు మగవాళ్ళు. పుస్తకాల బల్ల సరిగ్గా నానమ్మ బాల్కనీ కింద పడింది, అక్కడే నీడ ఉంటుంది కాబట్టి. ఆడవాళ్ళు ఎవరి బాల్కనీల్లో వాళ్ళు. దాంతో ఎన్నడూ లేనిది, పండుగనాడు రోజంతా ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ కనబడే ఏర్పాటు కుదిరింది. ఈ వసతి ఎవరికీ అక్కర్లేదు, ఒక్క ఫర్హాకు తప్ప. ఆవిడ తెల్లవారకముందే కుర్చీ వేసుకుని, ఉపవాసంలో నీరసం రాకుండా లవంగాలు గుచ్చిన నిమ్మకాయ వాసన చూసుకుంటూ ఎదురుగా కూర్చుంది.

నానమ్మ కష్టమంతా ఇప్పుడు అర్థమవుతుంది. చావంటే ఆవిడకు భయం లేదని కాదు. రాత్రి రెండుసార్లు లేచి కూర్చుని నడుము పట్టుకుంది. ఆ ఒక్క మూత్రపిండం లోపల బరువుగా లాగుతున్నట్టుంది. ఆసుపత్రి పేరు తలచుకుంటే గొంతు ఎండిపోతోంది. ఎండిపోతే తాగొచ్చు, తాగాలి కూడా. కానీ ఎదురుగా ఫర్హా. డెబ్భై ఒకటో ఏట సబ్రియా గ్లాసెత్తడం ఫర్హా చూడడమంటే, తర్వాత బతికి ఉండి కూడా ఏం లాభం?

అందుకని ఎనిమిదికి పావు తక్కువకు హోదాయా మొదటి గ్లాసు తెచ్చేసరికి నానమ్మ చాలా మర్యాదగా అడిగింది.

"నువ్వు చూస్తుంటే నాకు సిగ్గేస్తుందే. బాల్కనీలోకి పోయి, ఆ మూల తాగేసి వస్తా. ఖాళీ గ్లాసు తెచ్చి నీకే ఇస్తా, సరేనా?"

సరేనంది హోదాయా. నిజాయితీపరురాలు కనుక ఇతరులనూ అలాగే అనుకుంది. దాన్ని బడి ఎందుకు వదిలించుకుందో ఇక్కడ కాస్త తెలుస్తుంది.

బాల్కనీ మూలలో, పాత జున్ను డబ్బాలో నానమ్మ పుదీనా పెంచుతుంది. ఆ మూలకు వెళ్ళి, ఫర్హాకు వీపు పెట్టి, వాసన చూస్తున్నట్టు వంగి, గ్లాసు పుదీనాలో వంపింది. ఖాళీ గ్లాసు తెచ్చి మనవరాలి చేతికిచ్చింది. తొమ్మిది నిమిషాలకు గోడ గడియారం చూసి హోదాయా రెండోది తెచ్చింది. అదీ అక్కడికే. మూడోది, నాలుగోది. ప్రతిసారీ మూతి తుడుచుకుంటూ లోపలికి రావడం కూడా మరిచిపోలేదు. హోదాయా పొంగిపోయింది. ఎంత బుద్ధిగా తాగుతోందో నానమ్మ, డాక్టరు లరీసాకు సాయంత్రం ఎంత గర్వంగా చెప్పాలో మనసులో కూర్చుకుంటోంది.

పది దాటేసరికి నానమ్మ పెదాలు పగిలాయి. నాలుక అంగిటికి అతుక్కుంది. నిలబడితే వాకిలి కాస్త పక్కకు ఒరుగుతోంది. పుదీనా మాత్రం కళకళలాడుతోంది. నానమ్మ తృప్తిగా దానివైపు చూసింది. ఒక్క విషయం ఆవిడకు తట్టలేదు. జున్ను డబ్బాకు అడుగున చిల్లులుంటాయి.

పదకొండు కావస్తుండగా హాఖామ్ అజర్యాగారు కింద ఒక ప్రార్థన ముగించి పేజీ తిప్పబోతే పుస్తకం మీద టప్పున ఒక చుక్క పడింది. ఆయన తుడిచారు. ఇంకొకటి పడింది. సెప్టెంబరు నెల, ఆకాశంలో మబ్బు తునక లేదు. ముందు వరసలో ఒక పెద్దాయన ఇది మంచి సూచన, ఈ ఏడు వానలు ముందే వస్తున్నాయన్నాడు. మూడో చుక్క ఆయన ముక్కు మీదే పడింది. అందులో పుదీనా వాసన వచ్చింది.

హాఖామ్‌గారు తలెత్తి చూశారు. వాకిట్లో ముప్ఫై తలలూ ఆయనతో పాటే లేచాయి.

"అమ్మా సబ్రియా, పై నుంచి నీళ్ళు పడుతున్నాయి, ఏమిటమ్మా?"

నానమ్మ చేతిలో ఇరవై ఒకటో గ్లాసు ఖాళీగా ఉంది. జవాబు చెప్పే అవసరం ఆవిడకు లేకపోయింది. ఎదురు బాల్కనీలోంచి ఫర్హా, ఎంతో బాధగా, ఊరంతటికీ వినబడేంత బాధగా చెప్పింది.

"ఎనిమిది కాకముందు నుంచి మొక్కకు నీళ్ళు పోస్తోంది హాఖామ్‌గారూ. నేను లెక్కపెట్టాను. ఇరవై ఒకటి."

వాకిట్లో గొణుగుడు మొదలైంది. ఏ పనీ చేయకూడని యోం కిప్పూర్‌నాడు మొక్కకు నీళ్ళు పోయడమంటే పొలం పని చేసినట్టు. తాగడానికి అనుమతి ఉన్నవాడు తాగితే తప్పు కాదు. తోటపనికి అనుమతి ఇవ్వగల రబ్బీ ఇంకా పుట్టలేదు. నానమ్మకు ఇప్పుడు తట్టింది. తాగమంటే తాగకుండా దాచుకున్న నీళ్ళతో, తొమ్మిది నిమిషాలకొకసారి, ఆలస్యం లేకుండా, ఇరవై ఒక్కసార్లు పండుగను చెడగొట్టింది. కామెర్లలో, కాన్పులో, గుడారంలో చేయని పాపాన్ని పుదీనా డబ్బాతో చేసింది. లోపలి నుంచి హోదాయా వచ్చి, డబ్బా చూసి, నానమ్మను చూసి, గుమ్మంలో చతికిలపడింది.

చెప్పుకోవడానికి నానమ్మ ముందు రెండు దారులున్నాయి. నేను రైతును అని ఒప్పుకోవాలి, లేకపోతే ఆ నీళ్ళు ఎందుకొచ్చాయో చెప్పాలి. ముప్ఫై తలలూ పైకే చూస్తున్నాయి. ఫర్హా నిమ్మకాయ వాసన చూడడం కూడా ఆపేసింది. నానమ్మ బాల్కనీ ఇనుప కమ్మిని రెండు చేతులతో పట్టుకుంది.

"అవి మొక్కకు తెచ్చినవి కాదు. నాకు తెచ్చినవి. నన్ను తాగమన్నారు." సంతలో గుట్టలు గుట్టలు అమ్మిన గొంతు అంత చిన్నగా రావడం వాకిలి వినడం అదే మొదటిసారి.

హాఖామ్‌గారు మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగారు. తాగమన్నది తనేనని అందరికీ చెప్పారు. పొద్దుటి నుంచి ఒక్క చుక్కైనా గొంతు దిగిందా అని అడిగారు. నానమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుకే ఆవిడ ఒరిగింది. హోదాయా పరుగెత్తుకొచ్చి కుర్చీ వెనక నుంచి తోసింది. నానమ్మ అందులో కూలబడింది. నడుము దగ్గర నొప్పి ఈసారి నడుమంతా పట్టేసింది. దేవుడి కన్నా ముందు ఆ నొప్పికి భయపడింది. అయినా చేయి చాచలేదు.

"సబ్రియా," అన్నారు హాఖామ్‌గారు, ఇప్పుడు నెమ్మదిగా. "డెబ్భై ఏళ్ళు దేవుడు తినొద్దంటే తినలేదు. ఈ ఏడు తాగమంటున్నాడు. ఇష్టమైనప్పుడే వింటావా ఆయన మాట?"

హోదాయా గ్లాసు నింపి తెచ్చింది. నానమ్మ దాన్ని పట్టుకుంది. పెదాల దాకా తీసుకెళ్ళి, కమ్మీల మధ్య నుంచి ఎదురుగా చూసింది. ఫర్హా చూస్తోంది. నానమ్మ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరు చెప్పింది, రబ్బీ చెప్పారు, మూత్రపిండం కూడా తనకు తెలిసిన భాషలో చెబుతోంది. ముగ్గురిలో ఎవరూ ఫర్హా కాదు. అదీ చిక్కు.

అప్పుడు ఫర్హా లేచి లోపలికి వెళ్ళింది. సబ్రియాకు సిగ్గు వేయకుండా పక్కకు తప్పుకుందని కొందరనుకున్నారు. వాళ్ళు ఫర్హాను ఎరగరు. ఆవిడ తిరిగొచ్చింది. చేతిలో చిన్న గాజు గ్లాసు, టీ తాగేది. దాని మీద కూడా ఒక గీత ఉంది, కాకపోతే నల్లది, కళ్ళకు పెట్టుకునే పెన్సిల్‌తో గీసింది.

"నాకు గుండెకు నాలుగేళ్ళ నుంచి ఇదే తీర్పు," అంది ఫర్హా. "స్నానాల గదిలో తాగుతున్నాను. ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు."

ఇంట్లోవాళ్ళంటే ఒకే ఒక మనిషి, ఆవిడ భర్త గుర్జీ. ఆయన కింద రెండో వరసలో, సుద్ద చుక్క మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మూతికి గుడ్డ ఉంది, కళ్ళకు లేదు. కనుబొమ్మలు తలపాగా లోపలికి పోయాయి.

"నాలుగేళ్ళా?" అన్నాడు.

ఫర్హా అటు చూడలేదు. సబ్రియావైపే చూస్తూ గ్లాసెత్తి, ఒక గుక్క తాగింది. దాన్ని దాచకుండా, తొందరపడకుండా తాగింది. తర్వాత మూతి తుడుచుకుని కూర్చుంది. అరవై ఎనిమిదిలోంచి నాలుగు పోతే అరవై నాలుగని వాకిట్లో అందరికన్నా ముందు ఎవరు కట్టారో వేరే చెప్పక్కర్లేదు. నానమ్మ ముఖంలోకి పొద్దుటి నుంచి లేని కాస్త రక్తం వచ్చింది. పాపాలు ఒప్పుకునే రోజు, ఎదుటివాళ్ళను క్షమించే రోజు, ఇంత సంతోషపడకూడని రోజు. ఆ సంతోషంలోనే గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది.

హాఖామ్‌గారు మూతికి గుడ్డ కట్టుకుని పేజీ తిప్పారు. డాక్టరూ రబ్బీ కలిసి చేయలేని పనిని ఎదురింటావిడ చేసింది. ఆయన ప్రార్థన పుస్తకంలో ఇలాంటి పొరుగువాళ్ళ కోసం కూడా ఏదైనా ఉందేమో ఆయనకే తెలియాలి.

మధ్యాహ్నమంతా రెండు బాల్కనీల్లోనూ గ్లాసులు లేచాయి. వాకిట్లో ఎవరో తొమ్మిది నిమిషాలకు ఒకసారి చేతి గడియారం చూసి దగ్గేవాడు. అది విని పైన ఇద్దరూ తాగేవారు. రెండింటికి నానమ్మ ఒకటి కనిపెట్టింది. ఫర్హా గ్లాసులో గీత తన గీత కన్నా కాస్త కిందికి ఉంది.

"నీ చెంప అంత చిన్నదా ఫర్హా? చూస్తే అలా అనిపించదే," అని అరిచింది.

"నీకంటే చిన్నది. చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వే మరిచిపోయావు," అని ఫర్హా జవాబిచ్చింది.

అప్పటి నుంచి ఎవరి నోరు చిన్నదనే పోటీ నడిచింది. గట్టిగా అరుస్తూ నడిచింది కాబట్టి ఎవరూ నెగ్గలేదు. నానమ్మ గీతకు సగం దాకే నింపమని హోదాయా మీద ఒత్తిడి తెచ్చింది. హోదాయా ఎర్ర గీత దాకా నింపి, నోట్లో పోయేదాకా అక్కడే నిలబడింది. మింగాక నోరు తెరిచి చూపించమంది. నానమ్మ చూపించింది, దాంతో పాటు రెండు మాటలు కూడా అంది. అవి పండుగనాడు రాయదగ్గవి కావు, ఇతర రోజుల్లో కూడా కావు. సాయంత్రానికి నలభై రెండు గ్లాసులు లోపలికి వెళ్ళాయి. గుర్జీ ప్రార్థన మధ్యలో అప్పుడప్పుడు తలెత్తి భార్యను చూస్తూనే ఉన్నాడు, కోపంగా కాదు, నాలుగేళ్ళుగా స్నానాల గది తలుపు బయట తనెందుకు ఏమీ అడగలేదా అన్నట్టు.

చీకటి పడ్డాక పొట్టేలు కొమ్ము ఊదారు. ఉపవాసం అయిపోయింది. హోదాయా ఫోన్ తీసి అన్నిటికన్నా ముందు డాక్టరు లరీసాకు చేసింది. గర్వంగా చెప్పాలని కూర్చుకున్న మాటలన్నీ మానేసి, పుదీనా దగ్గర నుంచి చెప్పింది. లరీసా రాత్రికి రాత్రే రక్తం తీసుకోవడానికి మనిషిని పంపింది. ఫలితం మర్నాడు వచ్చింది. అంకెలు బాగా లేవు, కానీ ఇల్లు వదలాల్సినంత చెడ్డగా కూడా లేవు. ఆ ఉన్న ఒక్కటీ నిలబడింది. పదకొండింటికి కాక సాయంత్రం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో అడిగితే లరీసా చెప్పలేదు. ఫోన్ పెట్టేసే ముందు ఆ ఎదురింటావిడ పేరేమిటని మాత్రం అడిగింది.

వారం తర్వాత జ్వరం పోయింది. ఇల్లు వదిలి బయటికి రావచ్చని కబురు వచ్చిన రోజున, నానమ్మ ఎర్ర పులుసులో వేయడానికి మాంసం కూరిన కుబ్బే ఉండలు చుడుతూ ఉంటే హోదాయా ఈ కాగితాలన్నీ మొదటి నుంచి చదివి వినిపించింది. నానమ్మ ఎక్కడా అడ్డు చెప్పలేదు. పిచ్చుక నోటి దగ్గర మాత్రం ముక్కుతో శబ్దం చేసింది. ఉండలు చుట్టే చేయి ఆగలేదు. చదవడం అయ్యాక హోదాయా కాగితాలు మడిచి, ఈ వారమంతా అడగాలనుకుంటూ దాచుకున్న ప్రశ్న అడిగింది. వచ్చే ఏడు మళ్ళీ డాక్టరు తాగమంటే, ఎదురుగా ఎవరు కూర్చున్నా సరే, తాగుతావా?

"తాగుతాను," అంది నానమ్మ. "నీకు మాత్రం రాయడం రాదు."